అత్త టేపులో లేని అంగుళం

మూడు గంటల పది నిమిషాలకు డిటెక్టివ్ నిదానం బొమ్మల గ్యాలరీ మెట్ల దగ్గర ఆటో దిగాడు. నాలుగింటికి సంతకం. చేతిలో ఉన్నది యాభై నిమిషాలు. ఇంకొకరైతే రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేసేవారు. ఈయన నాలుగో మెట్టు మీద ఆగి, వంగి, చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. ఆ పేరు ఊరికే రాలేదు మరి! పోలీసు ఉద్యోగంలో ఉండగా ఎవరో వెటకారానికి తగిలించారు. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్నా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూడడు.

పక్కన నిలబడ్డ లెక్కల టీచరుకి ప్రాణం కొట్టుకుపోతోంది.

“నిదానం గారూ, నాలుగు దాటితే ఈ గ్యాలరీ యజమాని ఇస్తానన్న ఆ కాస్తా కూడా ఇవ్వడండీ.”

“ఇచ్చినా ఏం చేసుకుంటావు తల్లీ? గది కొనడానికి చాలదని నువ్వేగా అన్నావు.”

“చాలదు. అడ్వాన్సు కింద అదిచ్చి, గది ఓనరు కాళ్ళావేళ్ళా పడి, ఇంకో నెల గడువు అడుగుదామని.”

టీచరు మేనత్త దర్జీ. ఒక గదిలో నాలుగు మిషన్లు వేసి, నలుగురు ఆడవాళ్ళకు పని నేర్పి, వాళ్ళకు అన్నం పెట్టిన మనిషి. నలభై ఏళ్ళ కిందట ఒక చిత్రకారుడు చిరిగిన కోట్లు తెచ్చి కుట్టించుకునేవాడు. కూలీ ఇచ్చుకోలేక, మిషను ముందు కూర్చున్న ఆవిణ్ణే బొమ్మ గీసి చేతిలో పెట్టాడు. తర్వాత ఆయన పేరు మోగిపోయింది. అత్త మాత్రం బొమ్మను గోడ మీంచి దించలేదు. పోయే ముందు మేనకోడల్ని పిలిచి, “బొమ్మ అమ్మి దుకాణం గది కొనెయ్. నా నలుగురూ రోడ్డున పడకూడదు. అయితే సరైన ధరకే అమ్మవే, ఎవడి జాలికీ అమ్మకు,” అంది. ఆ గది బేరానికి రేపే ఆఖరి రోజు.

టీచరు రెండు నెలల కిందట ఈ గ్యాలరీకి ఫోటో, కొలతలు పెట్టి ఉత్తరం రాసింది. వాళ్ళు సంతోషంగా రమ్మన్నారు. మొన్న పొద్దున బొమ్మను ఫ్రేముతో సహా తెచ్చి ఇచ్చింది. నిన్న, అక్కడ బొమ్మలకు ధర కట్టే వాల్యూయర్ మేడమ్ రిపోర్టు వచ్చింది. బొమ్మ నకలుట. గ్యాలరీ యజమాని ఎంతో నొచ్చుకుని, నకలైనా పాపం మీ అత్తగారి గుర్తు కదా అంటూ, అసలు ధరలో ఇరవయ్యో వంతుకు తానే కొంటానన్నాడు.

“నకలు బొమ్మని కొనేంత జాలి ఎందుకొచ్చిందో ఆయనకి,” అనుకుంటూ నిదానం తలుపు తోశాడు.

లోపల అడ్డంగా నిలబడి ఉన్నాడు మెరుపు. గ్యాలరీ జీతం మీద పనిచేసే డిటెక్టివ్. ఒకప్పుడు నిదానం కింద రెండేళ్ళు పనిచేసి, ఈ నడక నావల్ల కాదు బాబోయ్ అని వెళ్ళిపోయినవాడు. ఎలాంటి కేసైనా నిమిషంలో తేల్చేస్తాడని పేరు. తేల్చేస్తాడు కూడా. సరిగ్గా తేల్చాడా అన్నది వేరే సంగతి.

“రండి గురువుగారూ! ఇంకా బతికే ఉన్నారన్నమాట!”

“నిదానంగా బతుకుతున్నానయ్యా. అందుకే అయిపోలేదు.”

“ఈ కేసులో మీరు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. నేను తేల్చేశాను. వీళ్ళ అత్తగారు అసలు బొమ్మని ఎప్పుడో గుట్టుగా అమ్మేసుకుంది. ఈమధ్య ఎవరిచేతో నకలు గీయించి గోడకి తగిలించుకుంది. అంతే.”

టీచరు ముఖం ఎర్రబడిపోయింది. “మా అత్త అబద్ధం ఆడిందంటే నేను ఊరుకోను! నలభై ఏళ్ళు ఆ బొమ్మ కిందే కూర్చుని కుట్టింది!”

“ఆగమ్మా,” అన్నాడు నిదానం. తర్వాత మెరుపు వైపు తిరిగాడు. “మొన్న బొమ్మ వచ్చింది ఎన్నింటికి?”

“తొమ్మిదీ నలభై. రిజిస్టర్లో ఉంది.”

“వాల్యూయర్ మేడమ్ చూసింది?”

“పదకొండుంపావు.”

“మధ్యలో గంటా ముప్పై అయిదు నిమిషాలు. అప్పుడెక్కడుంది?”

“ప్యాకింగ్ గదిలో. తాళం వేసి.”

“చెవి?”

“రిసెప్షన్లో మేకుకి వేలాడుతుంది.” ఆ మాట చెప్పేటప్పుడు మెరుపు గొంతు కాస్త తగ్గింది. “లోపలివాళ్ళెవరైనా తీసుకోవచ్చు. కానీ బయటికి పోయే దారి ఇదొక్కటే, ఇక్కడ నేనున్నాను. మొన్నటి నుంచి నా తలుపు దాటి అగ్గిపెట్టె కూడా బయటికి పోలేదు. ప్రతి సంచీ విప్పించి చూశాను.”

“ఆ మాట మీద నిలబడతావా?”

“నిలబడతాను.”

“మంచిది. గుర్తుపెట్టుకో.”

ప్యాకింగ్ గది పెద్దదేం కాదు. మధ్యన పొడుగాటి బల్ల, గోడకి సుత్తులూ రంపాలూ ఉలులూ, మూలన అట్టపెట్టెల గుట్ట. టీచరు తెచ్చిన బొమ్మ బల్లకి ఆనించి, గోడవైపు తిప్పి ఉంది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. శుభ్రంగా ఉన్న నేలంటే నిదానానికి ఎప్పుడూ అనుమానమే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కాలికీ గోడకీ మధ్య సందులో వేలు పెట్టాడు. మోకాళ్ళు కటకటమన్నాయి. మెరుపు నవ్వు ఆపుకున్నాడు.

వేలికి అంటుకుని వచ్చినవి నాలుగైదు చెక్క పేళ్ళు. ఒక పక్క నల్లగా ఉంది, రెండో పక్క లేత పసుపు. ఒకదాని అంచున ఇంత బంగారు రంగు.

“అదా!” అన్నాడు మెరుపు. “ఇది ప్యాకింగ్ గది గురువుగారూ. పెట్టెలకి చెక్కలు కోస్తారు.”

“మీరు పెట్టెలకి బంగారు రంగు పూస్తారా?”

మెరుపు వంగి ఆ పేళ్ళ వైపు చూశాడు.

నిదానం ఫ్రేముని వెనక్కి తిప్పాడు. పాత టేకు, చేయి పెడితే నున్నగా ఉంది, ముందువైపు బంగారు పూత. బొమ్మ కూర్చునే లోపలి గాడి మాత్రం చుట్టూ నాలుగు పక్కలా ఉలితో కొత్తగా చెక్కి ఉంది. ఎవరో గాడిని అర అంగుళం చొప్పున వెడల్పు చేశారు. పాత నలుపు కింద పచ్చి చెక్క బయటపడి కనిపిస్తోంది.

“ఫ్రేము నీదేనా తల్లీ?”

“మా అత్తదేనండీ. ఇదిగో, ఈ మూల మిషను తగిలి సొట్ట పడింది. నా చిన్నప్పుడు.”

“గాడి ఇలా ఎప్పుడైనా చెక్కించారా?”

“లేదు. ఎందుకు చెక్కిస్తాం? బొమ్మ అతికినట్టు ఉండేది.”

సరిగ్గా అప్పుడు వాల్యూయర్ మేడమ్ లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి, మెడలో రెండు కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. తన రిపోర్టు మీద ఎవరో డిటెక్టివ్‌ని తెచ్చారని తెలిసి అప్పటికే మండిపడుతోంది.

“ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. తప్పుడు రిపోర్టు ఒక్కటి చూపించండి, ఇప్పుడే ఉద్యోగం మానేస్తాను.”

“తప్పని ఎవరన్నారు మేడమ్? నకలని ఎలా తెలిసిందో చెప్పండి, నేర్చుకుంటాను.”

ఆ మాటతో ఆవిడ కాస్త చల్లబడింది. “రంగు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. గోరు పెడితే దిగుతోంది. ఇది రెండు నెలల కంటే పాతది కాదు. గుడ్డని కర్రకి కొట్టిన మేకులు కొత్తవి. పైన పొగ పట్టినట్టు ఏదో పూశారు, దూదితో తుడిస్తే వచ్చేసింది.”

“కొలత?”

“నా చేత్తో, స్టీలు టేపుతో కొలిచాను. ఎత్తు ముప్పై ఒకటి, వెడల్పు ఇరవై అయిదు అంగుళాలు.”

“మళ్ళీ ఒకసారి కొలుద్దామా?”

కొలిచారు. ముప్పై ఒకటి, ఇరవై అయిదు. వెంట్రుకవాసి తేడా లేదు.

“నీ ఉత్తరంలో ఏం రాశావమ్మా?”

టీచరు బ్యాగులోంచి ఉత్తరం నకలు తీసింది. “ముప్పై ఒకటి, ఇరవై అయిదు.”

మెరుపు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “అయిపోయిందిగా! వాళ్ళు రాసిన కొలతే, మేం చూసిన కొలతే. ఇంటి దగ్గర్నుంచి బయల్దేరిన బొమ్మే ఇక్కడికి వచ్చింది. మధ్యలో మారిందెక్కడ? ఆ గాడి సంగతి మీ అత్తగారినే అడగాల్సింది, పాపం ఆవిడ లేరు.”

ఇది నిదానానికి బొత్తిగా నచ్చలేదు. కొలతలు కలిశాయి, ఫ్రేము మాత్రం కలవడం లేదు. అతికినట్టున్న ఫ్రేముని చెక్కాల్సిన అవసరం ఎవరికొచ్చింది? గడియారం మూడూ ముప్పై అయిదు చూపిస్తోంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మేడమ్, ఒకవేళ ఇది అసలుదే అయితే ధర ఎంతుంటుంది?”

“ఆ గది వస్తుంది. ఆ నలుగురికీ కొత్త మిషన్లూ వస్తాయి,” అంది వాల్యూయర్. టీచరు కథ ఆవిడకీ తెలుసు. “కానీ బొమ్మ ఒక్కటే ఉంటే చాలదు. దానికి సగం విలువ రంగుల్లో ఉంటే, సగం కాగితంలో ఉంటుంది. చిత్రకారుడి చేతి నుంచి ఎవరికి వచ్చింది, వాళ్ళ నుంచి ఎవరికి పోయింది, సంతకాలతో సహా ఉండాలి. ఆ కాగితం లేకపోతే పెద్ద బేరగాడెవడూ ముట్టుకోడు. ఇంకో మాట చెప్పనా అమ్మాయ్? నువ్వు మొదటే ముగ్గురి చేత ధర కట్టించాల్సింది. కొనేవాడి గడప లోపలే ధర కట్టించుకోకూడదు. నేనీ మాట ఇక్కడ జీతం తీసుకుంటూ చెప్పకూడదనుకో.”

“నాకెవరు చెప్పారండీ ఇవన్నీ?” అంది టీచరు. కళ్ళు నిండిపోయాయి.

“ఏడవకు తల్లీ,” అన్నాడు నిదానం. “ఒక పని చెయ్యి. ఆ బొమ్మ వైపు సరిగ్గా చూడు.”

“చూడలేనండీ. నకలు అన్న దగ్గర్నుంచి నేను దానివైపు తలెత్తలేదు. అత్త ముఖం చూడబుద్ధి కాలేదు.”

“ముఖం చూడకు. మిగతాది చూడు. చేతులు, మిషను, బట్ట. నువ్వు రోజూ చూసినవే.”

టీచరు కళ్ళు తుడుచుకుని, వంగి, పిల్లల పరీక్ష పేపరు దిద్దేటప్పటిలా ఒక మూల నుంచి మొదలుపెట్టింది. మిషను చక్రం, సరే. ఒళ్ళో నీలం గుడ్డ, సరే. మెడలో టేపు... అక్కడ వేలు ఆగిపోయింది.

“ఇదేంటి? టేపు కొసకి ఇత్తడి రేకు ఉందేంటి?”

“టేపులన్నిటికీ ఉంటుంది కదమ్మా,” అన్నాడు మెరుపు.

“మా అత్త టేపుకి లేదు!” అంటూ బ్యాగులో చెయ్యి పెట్టి, చుట్టగా చుట్టిన పసుపు టేపు తీసింది. అత్త గుర్తుగా ఎప్పుడూ వెంటే ఉంచుకుంటుందిట. “చూడండి. రేకుకి చిలుము పట్టి ఎవరిదో తెల్ల చొక్కాకి మరక అంటిందని, కత్తెర తీసి మొదటి అంగుళం టక్కున కత్తిరించి పారేసింది. ఇది ఒకటి నుంచి మొదలవుతుంది. అప్పట్నుంచీ ఏది కొలిచినా ఒకటి తీసేసి చెప్పేది. దుకాణంలో అందరికీ అలవాటే. బొమ్మలో కూడా టేపు కొస మొండిగా, దారాలు లేచి ఉంటుంది. అది చూసి అత్త ఎప్పుడూ నవ్వేది, నా పిసినారితనం కూడా గీశాడే అని.”

నిదానం స్టూలు మీంచి లేచాడు. ఆయన అంత గబుక్కున లేవడం మెరుపు ఎప్పుడూ చూడలేదు.

“తల్లీ, ఉత్తరం రాసిన రోజు బొమ్మని దేనితో కొలిచావు?”

“దీంతోనే. ఇంకేముంది ఇంట్లో...” నెత్తి మీద మొట్టుకుంది. “అయ్యో అయ్యో! ఒకటి తియ్యలేదు! అత్త పోయిన దుఃఖంలో ఉన్నది ఉన్నట్టు రాసేశాను. పిల్లలకి తీసివేతలు చెప్పేదాన్ని! అసలు బొమ్మ ముప్పై, ఇరవై నాలుగండీ!”

వాల్యూయర్ మేడమ్ కళ్ళద్దాలు మార్చుకుని టేపుని చూసింది, బొమ్మని చూసింది, మళ్ళీ టేపుని చూసింది.

“అంటే నేను కొలిచింది...”

“మీరు కరెక్టే మేడమ్. ఇది నకలే,” అన్నాడు నిదానం. “కాకపోతే వీళ్ళ గోడ మీద వేలాడిన బొమ్మ కాదు. దీన్ని గీసినవాడు అసలు బొమ్మని కంటితో చూడలేదు. ఉత్తరంలో కొలత, పక్కన ఫోటో, అంతే. ఫోటోలో టేపు కొస సరిగ్గా కనబడలేదు, అందరి టేపుల్లాగే రేకు పెట్టేశాడు. ఉత్తరంలో అంగుళం ఎక్కువ రాస్తే అంగుళం ఎక్కువ గీశాడు. మొన్న తొమ్మిదీ నలభైకి అసలు వచ్చింది. నకలుని ఆ ఫ్రేములో పెట్టబోతే పట్టలేదు. పాత ఫ్రేము లేకపోతే ఈ అమ్మాయి గుర్తుపట్టేస్తుంది. అందుకని ఎవడో ఉలి పట్టుకుని గంటన్నర చెమటోడ్చాడు.”

మెరుపు ముఖంలో రంగులు మారాయి. వాడు తొందరవాడే కానీ తెలివితక్కువవాడు కాదు. “ఉత్తరం గ్యాలరీ పేర వచ్చింది. రిసెప్షన్లో విప్పుతారు. నేను చూశాను, మేడమ్ చూశారు, యజమాని చూశారు, ప్యాకింగ్‌వాళ్ళూ చూస్తారు. ఇంతమందిలో ఎవరని పట్టుకుంటాం?”

“పట్టుకోనక్కర్లేదు. సంతకానికి వేళయింది, పదండి.”

“సంతకం పెట్టాలా?” అంది టీచరు భయంగా.

“పెన్ను తీసుకో. కానీ కాగితం మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివాకే. లెక్కల టీచరువి, నీకు నేను చెప్పేదేముంది?”

గ్యాలరీ యజమాని గది చల్లగా ఉంది. ఆయన లేచి వచ్చి టీచరుకి తనే కుర్చీ జరిపాడు, తనే మంచినీళ్ళు పోశాడు. మాట మెత్తగా ఉంటుంది. ఇంత పెద్దమనిషిని అనుమానించడానికి ఎవరికైనా సిగ్గేస్తుంది.

“బాధపడకమ్మా. బొమ్మ నకలైతే మాత్రం ప్రేమ నకలవుతుందా? ఇక్కడొక్క సంతకం.”

టీచరు కాగితం అందుకుంది. తలుపు దగ్గర మెరుపు, కిటికీ దగ్గర వాల్యూయర్, కుర్చీలో వెనక్కి వాలి నిదానం.

“కుట్టుమిషను దగ్గర కూర్చున్న స్త్రీ చిత్రం,” అని పైకి చదివింది టీచరు. “చిత్రకారుడు స్వయంగా మా మేనత్తకు ఇవ్వగా, ఆమె నుంచి నాకు సంక్రమించినది. దీనిపై సర్వహక్కులూ నా ఇష్టపూర్వకంగా...”

“అదంతా మామూలుగా రాసే భాషేనమ్మా,” అన్నాడు యజమాని.

“నకలు అని రాయలేదేంటండీ?”

“నీ పరువు కోసమే. నకలు అమ్మినట్టు కాగితం ఎందుకని.”

టీచరు తలూపి మళ్ళీ చదివింది. “కొలతలు. ఎత్తు ముప్పై అంగుళాలు. వెడల్పు ఇరవై నాలుగు...”

అక్కడ ఆగింది. ఆ రెండు అంకెలనీ ఇంకోసారి లోలోపల చదువుకుంది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“సార్, ముప్పై అని మీకెవరు చెప్పారు?”

“మేడమ్ రిపోర్టులో ఉందిగా.”

“నా రిపోర్టులో ముప్పై ఒకటి,” అంది వాల్యూయర్.

“అయితే నీ ఉత్తరంలోదే అయ్యుంటుంది.”

“ఉత్తరంలోనూ ముప్పై ఒకటే సార్. తప్పు రాశాను. ఆ తప్పు నాకే పది నిమిషాల కిందట తెలిసింది. మీకు ముందే ఎలా తెలిసింది?”

యజమాని గ్లాసు ఎత్తాడు, తాగకుండానే దింపాడు. “టైపింగు పొరపాటు... ఉంటాయి అలాంటివి...”

“ఉంటాయి,” అన్నాడు నిదానం. “కానీ ఎత్తులోనూ వెడల్పులోనూ సరిగ్గా ఒక్కొక్క అంగుళమే తప్పి, నిజం దగ్గరికి వచ్చే పొరపాటు నేనెప్పుడూ చూడలేదు. ఈ లోకంలో ముప్పై, ఇరవై నాలుగు అని చెప్పగలిగేది ఒక్కటే ఉంది సార్, అసలు బొమ్మ. కొలిచినవాడి దగ్గరే అది ఉంది. దొంగతనంగా ఉంచుకుంటే అమ్ముకోలేరు. ఈ అమ్మాయి సంతకం ఉంటే అది మీ సొంతం, దర్జాగా అమ్ముకోవచ్చు. నకలుకి ఇరవయ్యో వంతు ఇస్తానన్నది జాలి కాదు, ఆ సంతకం ఖరీదు.”

యజమాని మెరుపు వైపు చూశాడు. జీతం ఇచ్చే మనిషి చూసే చూపు అది. మెరుపు కదల్లేదు. చేయి వెనక్కి పెట్టి తలుపు గడియ వేశాడు.

“నా తలుపు దాటి అగ్గిపెట్టె కూడా పోలేదన్నాను సార్. ఆ మాట మీద నిలబడతానని కూడా అన్నాను. అంటే బొమ్మ ఇక్కడే ఉండాలి. మీ కుర్చీ వెనకున్న ఆ బీరువా తాళం ఇలా ఇవ్వండి.”

యజమాని ఇంకా ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. తర్వాత తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

బీరువాలో తెల్ల గుడ్డలు చుట్టిన ఫ్రేముల్లేని బొమ్మలు ఏడు, నిలువునా పేర్చి ఉన్నాయి. మొట్టమొదటిది టీచరుదే. గుడ్డ తీయగానే ఆమె టేపు విప్పి, బొమ్మ అంచుకి ఆనించింది.

“ముప్పై ఒకటి,” అంది. “ఒకటి తీసేస్తే ముప్పై.”

బొమ్మలో అత్త మెడ నుంచి జారిన టేపు కొస మొండిగా, దారాలు లేచి ఉంది. టీచరు దాన్ని చూసి నవ్వింది, ఆ నవ్వుతోనే భోరున ఏడ్చేసింది. నిదానం కిటికీ వైపు తిరిగి తన కళ్ళద్దాలు చాలాసేపు తుడుచుకున్నాడు.

“దీని ధర నేను చెప్పను అమ్మాయ్,” అంది వాల్యూయర్. “బయటివాళ్ళు ముగ్గురి పేర్లు రాసిస్తాను, వాళ్ళు చెప్తారు. ఆ గది ఓనరుతో నేను మాట్లాడతాను, వారం ఆగుతాడు.” అంటూనే మిగతా ఆరు గుడ్డలూ ఒక్కొక్కటే తొలగిస్తోంది. ఆఖరిదాని దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుంది. 

“ఇవన్నీ నాకు తెలుసు. వీటన్నిటి నకళ్ళూ నా బల్ల మీదికే వచ్చాయి. నకలని సంతకం పెట్టింది నేనే. నిజమే రాశానయ్యా. నా నిజంతోనే ఆరు ఇళ్ళు దోచుకున్నాడు.”

బల్ల మీద ఫోను మోగింది. మెరుపు స్పీకరు నొక్కాడు. రిసెప్షన్ అమ్మాయి గొంతు.

“సార్, అయిదింటి సంతకానికి పెద్దాయన ముందే వచ్చేశారు. తన బొమ్మ నకలన్న రిపోర్టు చూసి చాలా దిగులుగా ఉన్నారు. పంపమంటారా?”

మెరుపు నిదానం వైపు చూశాడు. చాలా ఏళ్ళ తర్వాత, మునుపటి శిష్యుడిలా.

“పంపించమ్మా,” అన్నాడు నిదానం ఫోను వైపు వంగి. “తొందరేం లేదు, మెల్లగా రమ్మను.”

టీచరు కళ్ళు తుడుచుకుంది. టేపుని అత్తలాగే మెడలో వేసుకుని, తనే వెళ్ళి తలుపు గడియ తీసింది.

“రండి బాబాయ్ గారూ, కూర్చోండి,” అంది వచ్చినాయనతో. “ముందు ఆ పెన్ను జేబులో పెట్టేసుకోండి.”